కెమెరా రంగుల ప్రొఫైలు

కెమెరా రంగుల ప్రొఫైలు అనగా ఒక కెమెరా ఒక నిర్దిష్టమైన కాంతిలో ఏ రంగును ఏ సంఖ్యలుగా నమోదు చేస్తుందో తెలిపి, ఆ సంఖ్యలను మనిషి కంటికి కనిపించే రంగులతో జతపరచే పట్టిక. ఇది చిన్న కంప్యూటరు ఫైలు రూపంలో ఉంటుంది. ఒకే కెమెరా అయినప్పటికీ ఎండలో ఒక విధంగా, ట్యూబులైటు కింద మరొక విధంగా రంగులను గ్రహిస్తుంది. కనుక కాంతి మారినప్పుడు ప్రొఫైలు కూడా మారవలెను. చేనేత వస్త్రాల అమ్మకం, చిత్రలేఖనాల నమోదు, మొక్కల పరిశీలన వంటి పనులలో ఛాయాచిత్రంలోని రంగు అసలు రంగుకు దగ్గరగా ఉండటం అవసరం. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా గోదావరి డెల్టా ప్రాంతానికి చెందినవి.

కాంతిని బట్టి రంగు మారుటకు కారణం

వస్తువు రంగు వస్తువులో మాత్రమే ఉండదు. దానిపై పడే కాంతి, ఆ కాంతిలో ఏయే తరంగదైర్ఘ్యాలను వస్తువు తిప్పి పంపుతుందనే విషయం, దానిని గ్రహించే కన్ను లేదా సెన్సరు – ఈ మూడూ కలిసి రంగును నిర్ణయిస్తాయి. ఎండలో సుమారు 400 నుండి 700 నానోమీటర్ల వరకు అన్ని తరంగదైర్ఘ్యాలూ దాదాపు ఎడతెగకుండా ఉంటాయి. ఫిలమెంట్ బల్బు కాంతిలో ఎరుపు భాగం ఎక్కువ, నీలి భాగం బహు తక్కువ. ట్యూబులైటులోని పాదరసపు ఆవిరి 436, 546 నానోమీటర్ల వద్ద పదునైన గీతలను ఇస్తుంది. వీటిలో రెండవది ఆకుపచ్చ భాగానికి చెందినది. పాత ఛాయాచిత్రాలలో ట్యూబులైటు కింద కూర్చున్న పెళ్ళివారి ముఖాలు పచ్చగా కనిపించుటకు ముఖ్య కారణం ఇదే.

మనిషి కన్ను, మెదడు కలిసి ఈ తేడాలను చాలావరకు సర్దుకుంటాయి. దీపం వెలుగులో కూడా తెల్లపంచె తెల్లగానే తోస్తుంది. కెమెరాకు ఆ శక్తి లేదు. పైగా కెమెరా సెన్సరుపై ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు మన కంటిలోని కణాల స్పందనను అచ్చంగా అనుకరించవు. అలా అనుకరించాలంటే ఫిల్టర్లు ఏ నియమానికి లోబడి ఉండాలో 1927లో లూథర్ అనే శాస్త్రవేత్త తెలిపాడు. సాధారణ కెమెరాలు ఆ నియమాన్ని పూర్తిగా పాటించవు. అందువలన కంటికి ఒకేలా కనిపించే రెండు వస్త్రాలు కెమెరాలో వేరువేరుగా పడవచ్చు; కంటికి వేరుగా కనిపించేవి ఒకటిగా పడవచ్చు. దీనిని మెటామెరిజం అంటారు. రవికె గుడ్డను దుకాణంలో చీరకు సరిపోల్చి కొని, ఇంటికి వచ్చి ఎండలో చూస్తే పొంతన కుదరని అనుభవం కూడా ఈ ధర్మం వలన కలిగేదే.

వైట్ బ్యాలెన్స్, ప్రొఫైలు

ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సాధారణంగా జరిగే పొరపాటు. వైట్ బ్యాలెన్స్ అనగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంఖ్యలను మూడు గుణకాలతో హెచ్చించి, తెలుపు, బూడిద రంగులు తటస్థంగా కనిపించేటట్లు చేయడం. దీనివలన బూడిద రంగు బూడిద రంగుగానే వస్తుంది. కాని వంగపండు రంగు వంగపండు రంగుగా వస్తుందన్న హామీ లేదు.

ప్రొఫైలు ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. సరళమైన ప్రొఫైలులో మూడు వరుసలు, మూడు నిలువులు గల మాత్రిక, అనగా తొమ్మిది సంఖ్యలు ఉంటాయి. ఉదాహరణకు సెన్సరు మీది ఎరుపు ఫిల్టరు కొంత ఆకుపచ్చ కాంతిని కూడా లోనికి రానిస్తుంది. మాత్రిక ఆ కలగాపులగాన్ని లెక్కించి, ఎరుపు విలువ నుండి ఆకుపచ్చ విలువలో కొంత భాగాన్ని తీసివేస్తుంది. ఎంత తీసివేయవలెను అనేది కాంతి వర్ణపటంపై ఆధారపడుతుంది. ఎండకు సరిపోయిన తొమ్మిది సంఖ్యలు ట్యూబులైటుకు సరిపోకపోవుటకు కారణం ఇదే.

ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్ మరొక చిక్కు తెస్తుంది. దృశ్యంలో ఒకే రంగు అధికంగా ఉంటే కెమెరా దానిని కాంతి రంగుగా భ్రమించి తగ్గించివేస్తుంది. జూలై, ఆగస్టు నెలలలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ధవళేశ్వరం వద్ద తీసిన చిత్రాలలో నీరు చప్పబడి బూడిదగా కనిపించవచ్చు. ఫ్రేము నిండా వరిచేలు ఉన్నప్పుడు పచ్చదనం తగ్గి, గట్లు, దారులు ఊదా ఛాయకు తిరగవచ్చు.

చరిత్ర

రంగును సంఖ్యలలో చెప్పుటకు పునాది 1931లో అంతర్జాతీయ ప్రకాశన సంఘం నిర్ణయించిన ప్రమాణ పరిశీలకుడు అనే భావన. ఫిల్ముల కాలంలో నేటి ప్రొఫైలు చేసే పనిలో కొంత భాగాన్ని ఫిల్ము ఎంపిక చేసేది. పగటి వెలుతురుకు 5500 కెల్విన్ల ఫిల్మును, స్టూడియో దీపాలకు 3200 కెల్విన్ల ఫిల్మును తయారుచేసేవారు. స్టూడియో ఫిల్మును ఎండలో వాడవలసి వస్తే లెన్సు ముందు 85 సంఖ్య గల నారింజ రంగు ఫిల్టరును బిగించేవారు. గోదావరిపై లాంచీ ప్రయాణం కథాంశంగా బాపు తీసిన అందాల రాముడు (1973), శేఖర్ కమ్ముల తీసిన గోదావరి (2006) వంటి చిత్రాలు ఫిల్ము కాలానికి చెందినవే.

1976వ సంవత్సరం ఈ విషయంలో రెండు విధాల ముఖ్యమైనది. కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు, నేటి డిజిటల్ కెమెరాలలో ఎక్కువగా కనిపించే గళ్ళ ఫిల్టరుపై ఆ ఏడాది పేటెంటు లభించింది. అందులో ఆకుపచ్చ గళ్ళు మిగిలిన రెండు రంగులలో ఒక్కొక్క రంగు గళ్ళకు రెట్టింపు ఉంటాయి. అదే ఏడాది మెక్‌కామీ, మార్కస్, డేవిడ్‌సన్ అనే ముగ్గురు 24 గళ్ళ రంగుల పలకను వివరిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. కలర్ చెకర్ అనే పేరుతో ఆ పలక నేటికీ వాడుకలో ఉన్నది. దానిలో మనిషి చర్మం, ఆకాశం, ఆకు, నీలి పువ్వు వంటి ప్రకృతిలోని రంగులకు దగ్గరి గళ్ళు కలవు. చివరి వరుసలోని ఆరు గళ్ళు తెలుపు నుండి నలుపు వరకు క్రమంగా దిగుతాయి.

1993లో ఆపిల్, అడోబ్, కోడక్, మైక్రోసాఫ్ట్ తదితర సంస్థలు కలిసి అంతర్జాతీయ రంగుల కన్సార్షియాన్ని స్థాపించాయి. ఐ.సి.సి. ప్రొఫైలు అనే పేరు దీని నుండే వచ్చినది. అడోబ్ సంస్థ 2004లో డి.ఎన్.జి. అనే ముడి ఫైలు రూపాన్ని, 2008లో దానికి తగిన కెమెరా ప్రొఫైళ్ళను ప్రవేశపెట్టినది. ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్లలో గ్రేమ్ గిల్ రూపొందించిన ఆర్గిల్ పేరెన్నిక గన్నది.

డెల్టాలో కాంతి రకాలు

కాంతి రంగును కెల్విన్లలో చెప్పడం వాడుక. నూనె దీపం సుమారు 1900, ఫిలమెంట్ బల్బు 2700 నుండి 2850, నడిమధ్యాహ్నపు ఎండ సుమారు 5500, మబ్బు పట్టిన ఆకాశం సుమారు 6500, నీలాకాశం కింది నీడ 7000 అంతకు పైన ఉంటాయి. ఈ సంఖ్య కాంతి ఎరుపు వైపు ఉన్నదా, నీలం వైపు ఉన్నదా అనే విషయాన్ని మాత్రమే చెప్తుంది. వర్ణపటంలోని ఎగుడుదిగుళ్ళను చెప్పదు. అట్టపెట్టెపై ఒకే కెల్విన్ సంఖ్య ఉన్న రెండు ఎల్.ఇ.డి. బల్బులు ఒకే చీరను రెండు రంగులలో చూపగలవు.

ఐరోపా పుస్తకాలు రంగుల పనికి ఉత్తరపు కిటికీ వెలుతురు శ్రేష్ఠమని చెప్తాయి. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఎల్లప్పుడూ దక్షిణం వైపున ఉంటాడు గనుక ఆ మాట చెల్లుతుంది. రాజమండ్రి సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. మే రెండవ వారం మొదలు జూలై చివరి వరకు ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజులలో ఉత్తరపు వసారాలోకి కూడా నేరుగా ఎండ చొరబడుతుంది. ఆ పుస్తక సూత్రాన్ని ఇక్కడ ఆగస్టు నుండి ఏప్రిల్ వరకు మాత్రమే నమ్మవచ్చు. అప్పుడు కూడా మధ్యాహ్న వేళకు ముందు వెనుకలుగా పని ముగించుకోవలెను.

కోనసీమ కొబ్బరితోటల నీడ మరొక ప్రత్యేకమైన కాంతి. ఆకుల గుండా దిగివచ్చిన వెలుగు, ఆకులపై పడి చెదిరిన వెలుగు కలిసి ఆకుపచ్చ వైపు మొగ్గుతాయి. ఆరుబయట పని చేస్తున్నామన్న ధీమాతో ఎండ ప్రొఫైలును ఇక్కడ వాడితే మనుషుల ముఖాలు పాలిపోయినట్లు వస్తాయి. నీలిరంగు టార్పాలిన్ పందిరి కింద కూడా ఇదే ఇబ్బంది. వీధులలో పూర్వం వాడిన సోడియం దీపాలు సుమారు 2000 కెల్విన్ల పసుపు కాంతిని ఇచ్చేవి. ఆ వెలుగులో చాలా రంగుల సమాచారం కెమెరాకు అందదు కనుక దానికి ప్రొఫైలు తయారుచేయడం వృథా ప్రయాస.

తయారుచేసే విధానం

కెమెరాను ముడి ఫైలు, అనగా రా ఫైలు నమోదు చేసేటట్లు అమర్చవలెను. జేపెగ్ ఫైలులో కెమెరా తన ఇష్టానుసారం రంగులను ముందే మార్చివేసి ఉంటుంది. సెల్‌ఫోన్లలో ఈ మార్పు చిత్రం చిత్రానికీ వేరుగా ఉండటం వలన జేపెగ్‌కు నిలకడైన ప్రొఫైలు కుదరదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2014 నాటి 5.0 సంచిక నుండి, ఐఫోన్లలో 2016 నాటి 10వ సంచిక నుండి ముడి ఫైలు తీయుటకు వీలు ఏర్పడింది. అయితే అన్ని ఫోన్లలోనూ ఈ సౌకర్యం లేదు.

ఏ కాంతికి ప్రొఫైలు కావలెనో ఆ కాంతిలోనే, వస్తువును ఉంచే చోటనే రంగుల పలకను ఉంచి చిత్రం తీయవలెను. పలకపై వెలుగు అంతటా సమానంగా పడవలెను. దీనిని పరీక్షించుటకు పలక ఉంచిన చోట పెద్ద తెల్లకాగితం పెట్టి ఒక చిత్రం తీసి, నాలుగు మూలలలోని సంఖ్యలను సరిచూడవచ్చు. దీపాలతో పని చేసేటప్పుడు వాటిని ఇరువైపులా సుమారు 45 డిగ్రీల కోణంలో ఉంచితే పలకపై మెరుపు పడదు. ఇతర దీపాలను ఆర్పివేయవలెను. కిటికీ వెలుతురు, ట్యూబులైటు కలిసిన గదిలో తయారైన ప్రొఫైలు ఆ గదికి, ఆ గంటకు మాత్రమే పనికివస్తుంది. చిత్రం తీసేవారి దుస్తుల రంగు కూడా పలకపై ప్రతిఫలిస్తుంది. ఎర్రచొక్కా తొడుక్కుని ఈ పనికి పూనుకోరాదు.

ట్యూబులైట్లు, సి.ఎఫ్.ఎల్. దీపాలు వెలిగించిన వెంటనే వాటి కాంతి స్థిరంగా ఉండదు. పదిహేను నిమిషాలు ఆగడం మంచిది. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్‌జ్ కనుక ఇటువంటి దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. షట్టరు వేగం సెకనులో 50వ వంతు గాని, అంతకంటే నెమ్మదిగా గాని ఉంటే ఈ హెచ్చుతగ్గులు చిత్రంలో పట్టీలుగా కనిపించవు. ఐ.ఎస్.ఓ. విలువను తక్కువగా ఉంచవలెను. తెల్లని గడిలో మూడు రంగుల సంఖ్యలలో ఏదీ గరిష్ఠ పరిమితిని తాకకుండా ఎక్స్‌పోజరును ఎంచుకొనవలెను. తాకినచో ఆ చిత్రం ప్రొఫైలుకు పనికిరాదు.

తరువాతి పని సాఫ్ట్‌వేరు చేస్తుంది. ప్రతి గడి నుండి సగటు సంఖ్యలను తీసుకొని, పలక తయారీదారు ఇచ్చిన ప్రమాణ విలువలతో పోల్చి, తేడా అతి తక్కువగా ఉండే మాత్రికను కనుగొంటుంది. మిగిలిన తేడాను డెల్టా ఇ అనే కొలతతో చెప్తారు. స్థూలంగా 1 అనేది కన్ను గుర్తించగలిగే కనీస భేదం. మాత్రికకు బదులు వివరమైన పట్టికను కూడా తయారుచేయవచ్చు. కాని 24 గళ్ళతో అంత వివరానికి పోతే గళ్ళ రంగులు మాత్రం చక్కగా వచ్చి, వాటి నడుమ రంగులు వికటించే ప్రమాదం ఉన్నది. కొత్తవారికి మాత్రికయే క్షేమం.

ఫైలు పేరులో కెమెరా, కాంతి, తేదీ మూడూ ఉండవలెను. ఇది చిన్న విషయంగా తోచినా, ఆరు నెలల తరువాత పేరులేని ప్రొఫైళ్ళ మధ్య తడుముకోకుండా కాపాడుతుంది. పలకను వెలుతురు తగలని, తేమ చేరని చోట దాచవలెను. డెల్టా గాలిలోని తేమకు బూజు పట్టే అవకాశం కలదు. ఇంటి ప్రింటరుపై అచ్చువేసుకున్న పలకల ప్రమాణ విలువలు ఎవరికీ తెలియవు కనుక అవి పనికిరావు.

రెండు కాంతుల ప్రొఫైలు

ప్రతి కాంతికీ విడిగా ప్రొఫైలు చేయడం శ్రమతో కూడినది. డి.ఎన్.జి. పద్ధతిలో ఒకే ఫైలులో రెండు మాత్రికలను ఉంచవచ్చు. సాధారణంగా ఒకటి ఫిలమెంట్ బల్బు వంటి 2850 కెల్విన్ల కాంతికి, రెండవది పగటి వెలుతురు వంటి 6500 కెల్విన్ల కాంతికి తయారవుతుంది. మధ్యస్థంగా ఉన్న కాంతికి సాఫ్ట్‌వేరు ఈ రెండింటి నడుమ లెక్క కడుతుంది. సూర్యకాంతి, ఫిలమెంట్ దీపాల వంటి ఎడతెగని వర్ణపటం ఉన్న కాంతులకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ట్యూబులైటు, ఎల్.ఇ.డి. దీపాల వర్ణపటం వేరు కనుక, వాటికి విడి ప్రొఫైలు చేసుకొనవలసినదే.

ఉప్పాడ చీరలు

పిఠాపురం సమీపంలోని ఉప్పాడ జాందానీ చీరలకు ప్రసిద్ధి. 2022 నాటి జిల్లాల పునర్విభజన వరకు ఈ గ్రామం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది; ప్రస్తుతం కాకినాడ జిల్లాలో ఉన్నది. ఈ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. చీరను కంటితో చూడకుండా ఫోనులో బొమ్మ చూసి కొనే అలవాటు పెరిగిన తరువాత రంగు తేడా అనేది నేతగాడి ఆదాయానికి సంబంధించిన విషయమైనది. నెలల తరబడి నేసిన చీర రంగు బొమ్మలోని రంగుతో కలవక తిరిగి వస్తే ఆ నష్టం చేనేత కుటుంబం మీదనే పడుతుంది.

పట్టుపై అద్దిన గాఢమైన రంగులు కెమెరాకు గడ్డు పరీక్ష. నెమలికంఠం రంగు నీలమా, పచ్చనా అనేది కాంతిని బట్టి ఎటైనా ఒరుగుతుంది. నిలువు పోగు ఒక రంగు, పేక మరొక రంగు అయినప్పుడు చూసే కోణాన్ని బట్టి రంగు మారుతుంది. ఏ ప్రొఫైలూ దీనిని ఒకే బొమ్మలో పట్టలేదు. రెండు కోణాలలో రెండు చిత్రాలు చూపడమే న్యాయం. జరీ అద్దం వలె పరిసరాలను ప్రతిఫలిస్తుంది. జరీ మెరుపును ఆధారం చేసుకొని వైట్ బ్యాలెన్స్ చేయరాదు.

1996లో రూపొందిన ఎస్.ఆర్.జి.బి. ప్రమాణంలో ఇమడని గాఢమైన పట్టు రంగులు కూడా కలవు. సాధారణ తెరలపై అవి కొంత వెలసినట్లు కనిపిస్తాయి. కొనేవారి తెర అమ్మేవారి అదుపులో లేదు. కనుక బొమ్మతో పాటు చింతపిక్క రంగు, ఉల్లిపొర రంగు, మామిడిచిగురు రంగు అని వాడుక పేరు రాయడం వలన ఉపయోగం ఉన్నది. ఈ పేర్లు ఏ ప్రమాణ పట్టికలోనూ లేకపోయినా, తెలుగు కొనుగోలుదారుకు సంఖ్యల కంటె ఎక్కువే చెప్తాయి.

దామెర్ల రామారావు చిత్రాలు

రాజమండ్రిలో జన్మించిన చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) 28 ఏళ్ళు నిండకుండానే మరణించాడు. రాజమండ్రి కళాశాల ప్రధానాచార్యుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదివాడు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేర వెలసిన చిత్రశాలలో ఉన్నాయి. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోయే స్వభావం గలవి. కాగితంపై నీటిరంగుల ప్రదర్శనకు 50 లక్స్‌ల వెలుగును మించరాదనేది సంగ్రహాలయాలలో సాధారణంగా పాటించే నియమం. ఇటువంటి చిత్రాల నేటి రంగును సరిగా నమోదు చేయకపోతే రాబోయే కాలంలో ఎంత వెలిసినదో తేల్చుటకు ఆధారమే ఉండదు.

ఇక్కడ ఒక మెలకువ అవసరం. వందేళ్ళ కాగితం పసుపు బారి ఉంటుంది. చిత్రంలోని ఖాళీ కాగితాన్ని తెలుపుగా ఎంచి వైట్ బ్యాలెన్స్ చేసినచో ఆ పసుపు మాయమై, దానితో పాటు చిత్రకారుడు పూసిన రంగులన్నీ నీలం వైపు జరుగుతాయి. బొమ్మ చూచుటకు కొత్తగా, అందంగా ఉంటుంది. సాక్ష్యంగా మాత్రం పనికిరాదు. చిత్రం పక్కన తటస్థమైన బూడిద పలకను ఉంచి, దాని ఆధారంగానే సవరించవలెను. సాధారణ అద్దానికి స్వల్పంగా ఆకుపచ్చ ఛాయ ఉంటుంది కనుక, వీలైనచోట చట్రంలోని అద్దాన్ని తొలగించి చిత్రం తీయడం ఉత్తమం. తొలగించే పనిని సంరక్షకులు మాత్రమే చేయవలెను.

పొలాలు, తోటలు

రంగును కొలిచేటప్పుడు కాంతిని అదుపు చేయవలెనన్న సూత్రం వరి రైతులకు మరొక రూపంలో పరిచయమే. వరికి నత్రజని ఎరువు ఎప్పుడు వేయాలో తెలుసుకొనుటకు ఆకు రంగుల పట్టిక వాడతారు. లేత పచ్చ నుండి ముదురు పచ్చ వరకు ఉండే పట్టీల పక్కన ఆకు నడిమి భాగాన్ని పెట్టి పోల్చుతారు. పోల్చేటప్పుడు సూర్యునికి వీపు పెట్టి, ఆకుపై తమ నీడ పడేటట్లు నిలబడవలెనని, ప్రతిసారీ ఒకే వేళలో ఒకే మనిషి చూడవలెనని సూచిస్తారు. ఫోను కెమెరాతో ఈ పనిని చేయదలచిన వారికి కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి.

కడియం నర్సరీలలోని పూల చిత్రాలలో సాధారణంగా కనిపించే దోషం వేరు. ముద్దబంతి, ఎర్ర గులాబీ వంటి పూలలో ఒక్క ఎరుపు సంఖ్య గరిష్ఠ పరిమితిని తాకి, రేకుల మీది ముడతలు, నీడలు కనిపించకుండా రంగు అట్టకట్టినట్లు ఉంటుంది. ఇది ప్రొఫైలు లోపం కాదు. ఎక్స్‌పోజరు తగ్గించి మళ్ళీ తీయడమే మార్గం.

పరిమితులు

నీలిమందు గాని, తెల్లదనాన్ని పెంచే రసాయనాలు గాని కలిపి ఉతికిన తెల్లబట్టలు, కొత్త కాగితాలు తటస్థమైన తెలుపులు కావు. ఆ రసాయనాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలను గ్రహించి నీలి కాంతిగా విడుదల చేస్తాయి. తెల్లపంచెను ఆధారం చేసుకొని సవరించిన చిత్రం పసుపు బారుటకు ఇదే కారణం.

ప్రొఫైలు తయారైన తరువాత బల్బు మార్చినా, గోడలకు కొత్త రంగు వేసినా తిరిగి పలకను చిత్రించి చూడవలెను. మెటామెరిజం వలన వచ్చే తేడాను ఏ ప్రొఫైలూ పూర్తిగా తొలగించలేదు. సెన్సరు ఒకే సంఖ్యలుగా నమోదు చేసిన రెండు రంగులను ఆ తరువాత విడదీయుటకు వీలులేదు. అందువలన ముఖ్యమైన వస్తువులను పగటి వెలుతురులో ఒకసారి, దీపాల కాంతిలో ఒకసారి చిత్రించి, ఆ ముడి ఫైళ్ళతో పాటు పలక చిత్రాలను కూడా భద్రపరుస్తారు. పలక చిత్రం ఉన్నంతవరకు అదే ఫైలుకు తరువాతి కాలపు సాఫ్ట్‌వేరుతో కొత్త ప్రొఫైలు తయారుచేసుకొనవచ్చు.